కారు నంబరు ఒకటి, స్క్రూ నంబరు నాలుగు

నాగులరేవు పురపాలక సంఘంలో ఒక స్క్రూ ఊడదీయడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. అందులో ఊడదీసే పని ఏడు నిమిషాలు. మిగతాదంతా పరిపాలన.

ఏడు నిమిషాలన్న మాట ఫిట్టర్ పైడయ్యది. ఇరవై ఆరేళ్ళుగా ఇంజనీరింగు విభాగంలో పంపులూ, వాల్వులూ, చెత్త ట్రాక్టర్లూ బాగుచేస్తూ వచ్చిన మనిషి. పని చూడగానే ఎన్ని నిమిషాలో చెప్పేస్తాడు, చెప్పినన్ని నిమిషాల్లో చేసేస్తాడు. ఆఫీసులో దీన్ని ఒక లోపంగానే చూసేవారు. పని ఎంతసేపట్లో అవుతుందో ముందే తెలిసిపోతే ఇక దాని మీద సమావేశం పెట్టడానికి ఏం మిగులుతుందని వాళ్ళ బాధ.

ఆ స్క్రూ ఒక కారుది. కారంటే ఎక్కి తిరిగేది కాదు. మూరెడు పొడవు, నాలుగు బొద్దు చక్రాలు, నుదుటి మీద ఒక దీపం, ఒక కెమెరా. రిమోటు చేత్తో పట్టుకుని దూరం నుంచి నడిపే బొమ్మ కారు లాంటిది. కమిషనర్ ముక్తేశ్వరరావు గారు ఏదో మహానగరంలో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, తిరిగి వస్తూ "మనిషి దిగని మురుగు" అనే నినాదం తెచ్చుకున్నారు. నినాదం వచ్చాక దానికి తగ్గ వస్తువు రాకుండా ఉండదు కదా. బజారు కింద నుంచి ఏటి దాకా వెళ్ళే పాత రాతి తూములోకి ఇకమీదట ఈ కారే దిగుతుందనీ, ఎక్కడ పూడిక ఉందో, ఎక్కడ గోడ చెదిరిందో కెమెరాలో చూపిస్తుందనీ, చూపించిన చోట పైనుంచి తవ్వి బాగు చేస్తారనీ, మనిషన్నవాడు మురుగులో కాలు పెట్టడం నేటితో బందు అనీ ప్రకటించారు. ఆ మాటే బోర్డు రాయించి ఆఫీసు గుమ్మానికి తగిలించారు. మొదటి రోజు కారు తూములోకి వెళ్ళి, ఒక ప్రెషర్ కుక్కర్ మూతనీ రెండు పందికొక్కులనీ తెర మీద చూపించి క్షేమంగా తిరిగి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అరచేతులు మండేలా కొట్టినవాడు పైడయ్య. అంతవరకు ఆ తూములోకి దిగుతూ వచ్చినవాడు అతని బావమరిది ఎర్రయ్య. సన్నటి ఒళ్ళు, తూములో పట్టే ఒళ్ళు. అదే అతని అర్హత, అదే అతని ఖర్మ. కాంట్రాక్టు పని కాబట్టి ఆఫీసు కాగితాల్లో పేరు ఉండదు. రెండేళ్ళ కిందట ఇంకో కాలువలో అతని జతగాడు గవరయ్య దిగి మరి పైకి రాలేదు. అప్పటినుంచీ తమ్ముడు దిగిన రోజు పైడయ్య భార్య నర్సమ్మ ఆ తూము మూత దగ్గరే రాయి మీద కూర్చుని, అతని తల బయటికి కనబడేదాకా లేచేది కాదు. కారు వచ్చాక ఆవిడ అక్కడ కూర్చోవడం మానింది. పైడయ్యకి ఆ కారు మీద ప్రేమ పుట్టడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజకి ఆఫీసు వాహనాలన్నిటినీ కడిగి వరసగా నిలబెట్టారు. స్టాకు రిజిస్టరులో 'కారు నంబరు 1' అని ఎక్కింది గనక, ఆ బుల్లి కారుని కూడా కమిషనర్ గారి జీపు పక్కన పీట వేసి కూర్చోబెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోతే కారు కన్నా నిమ్మకాయలే ఎత్తుగా కనబడ్డాయి. చెక్కలు కోసి పెట్టి సరిపెట్టారు. బొట్లు ఎక్కడ పెట్టాలా అని చూస్తే, కారు వీపు మీద బ్యాటరీ మూతకి నాలుగు మూలలా నాలుగు స్క్రూలు, తల మీద ప్లస్ గుర్తులతో తళతళలాడుతున్నాయి. బొట్టు పెట్టడానికే చేసినట్టున్నాయని అందరూ ముచ్చటపడ్డారు. తడి గంధం, దాని మీద కుంకుమ ఒక్కో స్క్రూ తలలో నిండుగా అద్దారు. టెంకాయ కొట్టి ఆ నీళ్ళు కారు మీద ధారగా పోశారు. పైడయ్య తుడుస్తానని గుడ్డ తీస్తే, దసరా నాడు పెట్టిన బొట్టు దానంతటది పోవాలే గానీ తుడవకూడదని వారించారు.

అది దానంతటది పోలేదు. పది రోజుల్లో గంధం సిమెంటులా గట్టిపడింది, టెంకాయ నీళ్ళకి స్క్రూల మెడలు తుప్పు పట్టాయి. అదే రోజుల్లో బ్యాటరీ కూడా అయిపోయింది.

బ్యాటరీ మార్చడం పైడయ్య పని. కానీ ఆ రోజు ఒక పేపరు విలేఖరి ఫోటో తీయడానికి వచ్చి ఉన్నాడు. ఫోటోలో ఫిట్టర్ పడితే శాఖ గౌరవం ఏం కావాలి? డిప్యూటీ ఇంజనీరు సోమశేఖరం గారు స్వయంగా చొక్కా చేతులు మడిచారు. టేబులు సొరుగులోంచి కళ్ళద్దాలు బిగించుకునే బుల్లి స్క్రూడ్రైవరు తీశారు. మొహం కెమెరా వైపు, చెయ్యి కారు వైపు పెట్టి తిప్పారు. మూడు స్క్రూలు దయతలచి వచ్చాయి. నాలుగోది రాలేదు. గుంట నిండా గంధం ఉంది, స్క్రూడ్రైవరు మొన లోపల కూర్చోలేదు. సోమశేఖరం గారు నవ్వు చెదరకుండా ఇంకా గట్టిగా తిప్పారు. ప్లస్ గుర్తు నాలుగు అంచులూ అరిగి సున్నా అయింది. ఫోటో మాత్రం చాలా బాగా వచ్చింది.

విలేఖరి వెళ్ళాక పైడయ్య కారుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏడు నిమిషాలు సాలు బాబూ," అన్నాడు. "అరిగిన తల మీద సైకిల్ ట్యూబు ముక్కేసి, పెద్ద స్క్రూడ్రైవరు పెట్టి, ఒంటి బరువంతా ఏసి నొక్కి తిప్పితే ఒచ్చేస్తాది. రాకపోతే తల మీద బ్లేడుతో గాడి కోసి తీసెత్తాను."

సోమశేఖరం గారు అతని వంక జాలిగా చూశారు. "సైకిల్ ట్యూబు సదరు వాహనం పనిముట్ల జాబితాలో ఉన్నదా?" అని అడిగారు. లేదని పైడయ్యకీ తెలుసు. ఉండదని అడిగిన ఆయనకీ తెలుసు.

ఫైలు స్టోర్సు సూపరింటెండెంటు అనసూయాదేవి గారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒకరికి మేలు చేయాలని గానీ, కీడు చేయాలని గానీ రూలు దాటని మనిషి. రూలు పులి అయితే ఆవిడ దాని నోట్లో తన చెయ్యయినా పెడుతుంది, మీ చెయ్యయినా పెడుతుంది. ఆవిడ పుస్తకాలు తిరగేసి తేల్చింది ఏమిటంటే: ప్రభుత్వ వాహనం మీద బ్లేడుతో గాడి కోయడం ఆస్తికి నష్టం కలిగించడం కిందికి వస్తుంది. వాహనం నుంచి ఏ భాగాన్నైనా తొలగించాలంటే, అది ఎందుకు తొలగడం లేదో ముందు సాంకేతిక ఉపసంఘం నిర్ధారించాలి. నిర్ధారణ జరిగేదాకా వాహనం ఎవరి చేతికీ అందకూడదు. వెంటనే కారుని గుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి, బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. పైడయ్య ఎవరికీ చెప్పకుండా పని కానిచ్చేద్దామనుకున్న దారి అక్కడితో మూసుకుపోయింది.

ఉపసంఘం మూడుసార్లు కూర్చుంది. చర్చ అంతా ఒకే చోట చక్రంలా తిరిగింది. స్క్రూ తుప్పు వల్ల బిగిసిందని రాస్తే, తుప్పు ఎందుకు పట్టిందని అడుగుతారు. టెంకాయ నీళ్ళని రాయాలి. పూజ వల్ల కారు చెడిందని కాగితం మీద రాసే మొనగాడు ఆ గదిలో లేడు. పోనీ తల అరిగిందని రాద్దామంటే, ఎవరు అరగదీశారని అడుగుతారు. అరగదీస్తున్న ఫోటో పేపర్లో రంగుల్లో పడి ఉంది, పైగా ఆ అరగదీసినాయనే ఉపసంఘానికి అధ్యక్షుడు. పదమూడో రోజు నివేదిక తయారైంది. "స్క్రూ యొక్క ధర్మము గట్టిగా పట్టుకొని యుండుట. స్క్రూ నంబరు నాలుగు తన ధర్మమును నియమిత ప్రమాణమునకు మించి నిర్వర్తించుచున్నట్లు ఉపసంఘము గుర్తించినది. విధి నిర్వహణలో అతిశ్రద్ధ కనబరచుచున్న విడిభాగమును తొలగించుట ఇతర విడిభాగములకు తప్పుడు సంకేతము కాగలదు" అని అందులో ఉంది. మిగతా మూడు స్క్రూలు అంత సులువుగా ఎలా వచ్చేశాయో విచారించాలని ఒక సభ్యుడు సూచించాడట. అది తర్వాతి సమావేశానికి వాయిదా వేశారు.

ఈలోగా తూము తన పని తాను చేసుకుపోతోంది. బజారులో రెండు చోట్ల మురుగు పైకి తన్నింది. బట్టల కొట్టు వాళ్ళు మడమలెత్తి నడుస్తున్నారు. బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియో చెబుతోంది. దీనికి తోడు, "మనిషి దిగని మురుగు" చూసి వెళ్ళడానికి పైనుంచి ఒక పెద్ద అధికారి పది రోజుల్లో వస్తున్నట్టు కబురందింది. ఆయన మొట్టమొదట చూసేది లాగు బుక్కు. అందులో కారు రోజూ తూములో నడిచినట్టు ఉండాలి. పదమూడు రోజులుగా ఖాళీ.

ఖాళీ గళ్ళ ముందు పెద్దలందరూ తల పట్టుకున్నప్పుడు దారి చూపించింది మళ్ళీ రూలే. ఒక వాహనం మరమ్మతులో ఉంటే దాని బదులు ప్రత్యామ్నాయ వాహనం వాడుకోవచ్చు. ఆ వాహనం ఇనుముతోనే చేసి ఉండాలని ఎక్కడా లేదు. కాంట్రాక్టరుకి కబురు వెళ్ళింది, మర్నాడు పొద్దున్నే ఎర్రయ్య వచ్చాడు. అతని చొక్కా వీపు మీద స్టిక్కరు అంటించారు: కారు నంబరు 1, ప్రత్యామ్నాయం. నుదుటికి సాగే పట్టీతో కెమెరా కట్టారు. సోమశేఖరం గారు అలవాటు కొద్దీ ఆ చచ్చిన కారు రిమోటు చేత్తో పట్టుకునే వచ్చారు. ఎడమ మీట నొక్కి, మూత లోంచి "ఎడమకి" అని కేకేసేవారు. ఎర్రయ్య ఎడమకి పాకేవాడు. తెర మీద బొమ్మ ఇంతకు ముందు కన్నా నిలకడగా వస్తోందని కమిషనర్ గారు సంతోషించారు.

పైడయ్య పరుగున స్టోర్సుకి వెళ్ళాడు. చేతి తొడుగులు, ముక్కుకి మాస్కు, నడుముకి తాడు ఇప్పించమన్నాడు. అనసూయాదేవి గారు ఇండెంటు పుస్తకం తెరిచింది, మూసింది. తొడుగులు మనుషులకిచ్చేవనీ, మన ఊళ్ళో మనిషి మురుగులో దిగడం లేదనీ, గుమ్మం మీద బోర్డే ఉందనీ, ఇండెంటు రాస్తే దిగుతున్నట్టు ఒప్పుకున్నట్టవుతుందనీ నెమ్మదిగా విడమరచి చెప్పింది. లాగు బుక్కు ప్రకారం దిగుతున్నది కారు, కారుకి చేతులుండవు. ఇదంతా ఆవిడ ఎగతాళికి అనలేదు. పైడయ్యకి అసలు కోపం వచ్చింది అందుకే.

ఎర్రయ్య మొదటి రోజు నవ్వుతూనే పైకి వచ్చాడు. "బావా, నాను కారునైపోనాను. బేగి పెట్రోలు ఎయ్యండి," అని టీ అడిగాడు. రెండో రోజు కళ్ళు ఎర్రబడ్డాయి, తల పగిలిపోతోందన్నాడు. మూడో రోజు నడుం లోతు నీళ్ళలో గంటన్నర నడిపించారు. పైకి లాగాక గట్టు మీద కూర్చున్నాడు. నర్సమ్మ మళ్ళీ ఆ రాయి మీదే కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్ళి తమ్ముడి మొహం తుడవబోతే, ఎవరు నువ్వన్నట్టు చూశాడు. ఒక్క నిమిషమే. తర్వాత అక్కా అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటి దగ్గర నర్సమ్మ ఏడవలేదు, తిట్టలేదు. మొగుడి ఎదురుగా నిలబడి ఒక్క మాట అడిగింది.

"ఏడు నిమిషాల పనని ఊరంతా సెప్తన్నావు. మరిన్నాళ్ళూ నువ్వేటి సేస్తన్నావు?"

పైడయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. బీరువా పగలగొడదామని ఒకసారి అనిపించింది. పగలగొడితే తను జైల్లో ఉంటాడు, ఎర్రయ్య తూములో ఉంటాడు. అప్పుడతనికి కారు ప్రారంభోత్సవం నాడు తెలుగులో అచ్చేసి పంచిన 'వాహన నిర్వహణ నియమావళి' గుర్తొచ్చింది. అది పంచినవాళ్ళు గానీ పుచ్చుకున్నవాళ్ళు గానీ చదివిన పాపాన పోలేదు. పైడయ్య వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ ఆ పుస్తకం మొత్తం చదివాడు. చదువుతున్న కొద్దీ అతని ప్రాణం కుదుటపడింది.

మర్నాడు ఉదయం తూము దగ్గర సోమశేఖరం గారు రిమోటుతో సిద్ధంగా ఉన్నారు. ఎర్రయ్య నుదుటికి పట్టీ కడుతున్నారు. పైడయ్య అనసూయాదేవి గారిని వెంటబెట్టుకుని వచ్చాడు. కారు నంబరు 1 విషయంలో రూలు తప్పుతున్నారని చెబితే ఆవిడ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయల్దేరింది.

"అమ్మా, ఈ కారు ఒకటో నంబరు కారేనా?" అని అడిగాడు పైడయ్య, ఎర్రయ్య వీపు చూపించి.

ఆవిడ స్టిక్కరు చదివింది. లాగు బుక్కుతో సరిచూసింది. అవునంది.

"అలగైతే దీనికీ ఈ బుక్కే గదమ్మా."

నాలుగో నియమం: వాహనాన్ని ఏకబిగిన ఇరవై నిమిషాలకు మించి నడపరాదు. నిన్న గంటన్నర నడిపారు. ఏడో నియమం: చక్రంలో సగం ఎత్తుకు మించిన నీటిలో దింపరాదు. కారుకి చక్రం ఎలాగో దీనికి కాలు అలాగని అనసూయాదేవి గారు తీర్మానించి, టేపు తెప్పించి కొలిపించింది. సగం కాలంటే మోకాలు. నీళ్ళు మొలలోతు. తొమ్మిదో నియమం: విషవాయువు, మండే వాయువు ఉన్నట్టు అనుమానం ఉన్న చోటికి పంపరాదు. అక్కడ నిలబడ్డ వాళ్ళందరూ ముక్కుల మీద రుమాళ్ళు పెట్టుకునే ఉన్నారు. పదకొండో నియమం: నడకలో తేడా కనిపించిన వాహనాన్ని వెంటనే నిలిపివేసి, అర్హత గల నిపుణునికి చూపించి, పూర్తిగా ఆరేవరకు గాలి తగిలే పొడి చోట ఉంచవలెను. అక్క మొహమే పోల్చుకోలేదంటే అంతకన్నా తేడా ఏముంటుందని పైడయ్య అన్నాడు.

సోమశేఖరం గారు నవ్వేసి, అతను మనిషి కదండీ అన్నారు.

"మనిషైతే దిగకూడదు కదండీ," అంది అనసూయాదేవి గారు. ఆవిడ మొహంలో ఎక్కడా నవ్వు లేదు. లాగు బుక్కులో ఎర్ర సిరాతో 'వాహనం నిలిపివేయడమైనది' అని రాసి, కింద తేదీ వేసింది. ముప్ఫై ఏళ్ళలో ఆ రూలు పులి మొదటిసారి ఒక పేదవాడి పక్కన నిలబడింది. అది ఆవిడకి కూడా తెలిసినట్టు లేదు.

నియమావళి ప్రకారం ఎర్రయ్యని నిపుణుడి దగ్గరికి పంపారు. పెద్దాసుపత్రి డాక్టరు గారికి వాహన మరమ్మతు చీటీ అందింది. ఫిర్యాదు అన్న చోట 'వేడెక్కుచున్నది, గుర్తింపు సామర్థ్యం తగ్గినది' అని ఉంది. ఆయన రెండుసార్లు చదువుకుని, గాలి పెట్టి, సెలైను ఎక్కించి, పది రోజులు విశ్రాంతి రాశాడు. పొడిగా గాలి తగిలే చోటు పైడయ్య ఇల్లేనని అనసూయాదేవి గారే ధ్రువీకరించింది.

ఇప్పుడు కమిషనర్ గారికి రెండు కార్లూ లేవు. పెద్ద అధికారి రాకకి ఇక ఆరు రోజులే ఉంది. ఆ ఆరు రోజులూ టెలిఫోన్లు మోగాయి, ఫైళ్ళు పరుగెత్తాయి. ఇరవై రెండు రోజుల్లో రాని అనుమతి ఇరవై మూడో రోజు పొద్దున్నే పైడయ్య చేతికి వచ్చింది. స్క్రూని తొలగించమని అందులో లేదు. తొలగిస్తే ఉపసంఘం నివేదికను ధిక్కరించినట్టు అవుతుంది. "సదరు స్క్రూ యొక్క ప్రస్తుత స్థానమును, కారుతో దానికి గల సంబంధము తెగునంత వరకు, క్రమక్రమముగా పై దిశకు సవరించుటకు అనుమతించడమైనది" అని ఉంది.

బీరువా తెరిచారు. లక్క ముద్ర ముగ్గురి ఎదుట పగలగొట్టారు. కమిషనర్ గారు, సోమశేఖరం గారు, అనసూయాదేవి గారు, ఉపసంఘం సభ్యులు చుట్టూ నిలబడ్డారు. పైడయ్య ముందుగా గుండుసూది తీసి స్క్రూ తలలోని గంధమంతా గీకి ఊదేశాడు. మెడ దగ్గర రెండు చుక్కలు కిరోసిన్ వేసి ఊరనిచ్చాడు. సోల్డరింగు కడ్డీ వేడి చేసి స్క్రూ తల మీద ఆనించి పది అంకెలు లెక్కపెట్టాడు. సైకిల్ ట్యూబు ముక్క వేసి, సరైన స్క్రూడ్రైవరు నిలువుగా పెట్టి, దాని పిడి మీద సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, భుజం బరువంతా దింపి తిప్పాడు. రబ్బరు జారింది. పైడయ్య ఆ ముక్క పక్కన పెట్టి, హాక్సా బ్లేడు తీశాడు. స్క్రూ తల మీద అడ్డంగా సన్నటి గాడి కోశాడు. ప్రభుత్వ ఆస్తి పొడి కాగితం మీద రాలుతుంటే అనసూయాదేవి గారు కళ్ళు మూసుకుంది. అతను మైనస్ స్క్రూడ్రైవరు గాడిలో పెట్టి, ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పాడు. కిర్రుమంది. కదిలింది. నాలుగు చుట్లు తిరిగి స్క్రూ నంబరు నాలుగు అతని అరచేతిలో పడింది.

సోమశేఖరం గారు గడియారం చూశారు. ఏడు నిమిషాలు. చొక్కా చెయ్యి గడియారం మీదికి లాక్కున్నారు.

పదకొండు గంటలకు పెద్ద అధికారి వచ్చాడు. ముందు రాత్రే పంపులు పెట్టి తూములో నీళ్ళు తోడేశారు, మూత చుట్టూ ముగ్గులు వేశారు, కొత్త బ్యాటరీతో కారుని తాడు కట్టి దింపారు. సోమశేఖరం గారు ఎడమ మీట నొక్కితే ఈసారి నిజంగానే కారు ఎడమకి తిరిగింది. దీపం వెలుగులో రాతి గోడలు తెర మీద కదులుతున్నాయి. డాక్టరు వద్దన్నా వినకుండా ఎర్రయ్య కూడా వచ్చి జనం వెనక పైడయ్య పక్కన నిలబడ్డాడు. రాళ్ళు చూసి ఎక్కడుందో పోల్చి చెబుతున్నాడు. ఇదిగో, నాను పాక్కుంటూ ఎల్లింది ఇక్కడే. మొన్న సివరికి నాను ఆగిందీ ఇక్కడే. ఆపకపోతే మర్నాడు నాను ఎల్లాల్సింది ఈ మలుపు అవతలికే, అన్నాడు.

కారు మలుపు దాటింది. నాలుగు బారలు వెళ్ళాక పైకప్పు రాయి ఒకటి తెర మీద మెల్లగా కిందికి వంగడం అందరికీ కనబడింది. దాని వెనకే ఇంకొకటి. కాళ్ళ కింద నేల అదిరింది, మూత లోంచి దుమ్ము పైకి లేచింది. తెర నల్లబడిపోయింది.

పైడయ్య పక్కకి చెయ్యి చాచి ఎర్రయ్య భుజం పట్టుకుని, అక్కడ భుజం ఉన్నందుకు ఏడుపొచ్చి మొహం తిప్పుకున్నాడు. పెద్ద అధికారి మాత్రం తేరుకుని, లోపల మనుషులెవరూ లేరు కదా అని అడిగాడు. కమిషనర్ ముక్తేశ్వరరావు గారు ఛాతీ విరుచుకుని, మా ఊళ్ళో మురుగులోకి మనిషి దిగే ప్రసక్తే లేదండీ అని చెప్పారు. పెద్ద అధికారి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. మర్నాడు పేపర్లో ఆ ఫోటో పడింది.

వారం తిరిగేసరికి పైడయ్యకి మెమో వచ్చింది. కారు నంబరు 1 శిథిలాల కింద పూడుకుపోయిందనీ, సదరు స్క్రూ ఊడకుండా ఉండి ఉంటే కారు నేటికీ బీరువాలో క్షేమంగా ఉండేదనీ, కనుక ఈ నష్టానికి మూలకారణం స్క్రూని ఊడదీయడమేననీ, అనుమతించిన పై దిశ సవరణకు మించి స్క్రూ పూర్తిగా ఊడివచ్చినట్టు సాక్షులు చెబుతున్నారనీ, దీనికి మీరు ఏమి సమాధానం చెబుతారో మూడు రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలనీ, అలాగే కారు నంబరు 1 పేరిట రిజిస్టరులో ఉన్న వాహనాలన్నీ ఎక్కడెక్కడ ఉన్నవో తెలిపి తక్షణం స్టోర్సుకి అప్పగించాలనీ ఉంది. కింద సోమశేఖరం గారి సంతకం.

తోటివాళ్ళు పైడయ్యని భయపెట్టారు. స్క్రూ దానంతటదే ఊడిందని రాయమని ఒకడు, కమిషనర్ గారి కాళ్ళు పట్టుకోమని ఇంకొకడు సలహా చెప్పారు. పైడయ్య ఎవరి మాటా వినలేదు. తెల్ల కాగితం తీసుకుని, వంకర అక్షరాలతో తనే రాసుకున్నాడు.

"అయ్యా, స్క్రూ ఊడదీసింది నేనే. ఒప్పుకుంటున్నాను. ఒక కారు తూములో రాళ్ళ కింద ఉంది. రెండో కారు మా ఇంట్లో ఉంది. దాన్ని మాత్రం తిరిగి ఇవ్వను."